లేబుల్ కడిగేసిన రికార్డులు

న్యూయార్క్ వచ్చిన మనవాళ్ల ఫోన్లు తీసి చూడండి, ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, బ్రూక్లిన్ బ్రిడ్జి, చివర్లో జెర్సీలో మసాలా దోసె. బ్రాంక్స్ పేరెత్తితే మాత్రం "అటెందుకు?" అంటారు. కానీ మన ప్లేలిస్టుల్లో ఉన్న ఎన్నో పాటల బీట్‌ని పట్టుకుని వెనక్కి వెళ్తే, దారి ఎక్కడో ఒకచోట ఈ బ్రాంక్స్ వీధుల్లోకే తీసుకెళ్తుంది.

అందుకే ఓ శనివారం నేనూ, నా రూమ్మేటూ 4 నంబర్ సబ్‌వే ఎక్కాం. వాడిది మొదటి నుంచీ ఒకటే వాదన. "హిప్‌హాప్‌లో ఏముంది మామా? పక్కోడి పాట ముక్క కట్ చేసి, దానిమీద గడగడా మాట్లాడటమేగా. అదే మనవాళ్లు చేస్తే కాపీ అంటారు, వీళ్లు చేస్తే ఆర్ట్ అంటారు."

తీసిపారేసే మాటేం కాదు. మన దగ్గర కొత్త సినిమా పాట వచ్చిన గంటలోపే "ఒరిజినల్ ఇదిగో" అంటూ వీడియో తయారవుతుంది. పాట ముక్కను వాడుకోవడం ఎప్పుడు దొంగతనం, ఎప్పుడు కాదు? ఆ ప్రశ్ననే వెంటేసుకుని ఆ రోజంతా ఊరు తిరిగాం.

25 సెంట్ల టికెట్

4 నంబర్ రైలు మన్‌హట్టన్ అంతా భూమి కిందే పరిగెడుతుంది. యాంకీ స్టేడియం దగ్గర ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చి, అక్కడి నుంచి జెరోమ్ అవెన్యూ మీద స్తంభాలపై కట్టిన పట్టాల మీద పోతుంది. 176వ వీధి స్టేషన్‌లో దిగి పడమటి వైపు నడిచాం. ఎత్తు ఎక్కి, మళ్లీ దిగాలి. దిగినచోట ఒకవైపు హార్లెమ్ నది, దాని ఒడ్డునే హైవే. ఆ హైవే హోరు పక్కన నిలబడి ఉంటుంది 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ.

గొప్పగా ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. అదొక మామూలు అపార్ట్‌మెంట్ టవర్. వందకు పైగా కుటుంబాలు కాపురముంటున్న ఇల్లు. టికెట్ కౌంటర్ లేదు, గైడ్ లేడు. వీధికి 'హిప్ హాప్ బౌలెవార్డ్' అని ఇంకో పేరున్న బోర్డు మాత్రం ఉంది. గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన మా ఫోన్లు చూసి, అలవాటైన పనే అన్నట్టు పక్కకు జరిగి దారిచ్చారు.

1973 ఆగస్టు 11న ఈ బిల్డింగ్ కింది అంతస్తులోని కామన్ హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. స్కూళ్లు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలి. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకా నుంచి వచ్చిన కుటుంబం, అప్పటికి అతనికి 18 ఏళ్లు. ఊరంతా అతన్ని పిలిచే పేరు డీజే కూల్ హెర్క్.

హెర్క్ గమనించింది చాలా చిన్న విషయం. పాటలో గాయకుడు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని సెకన్లు ఉంటాయి. దాన్ని 'బ్రేక్' అంటారు. డ్యాన్సర్లు కాచుక్కూర్చునేది ఆ ముక్క కోసమే. కానీ అది వచ్చినంత వేగంగా వెళ్లిపోతుంది. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు కొని, రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిలో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అదే బ్రేక్ మొదలెట్టేవాడు. కంప్యూటర్ లేని రోజుల్లో లూప్ అన్నమాట. చేత్తో రాసిన ఫర్ లూప్.

అలా లూపైన రికార్డుల్లో 'అపాచీ' ఒకటి. దాని కథ వింటే కాపీ, ఒరిజినల్ అన్న గీతలు కాస్త కలగాపులగమైపోతాయి. ఆ ట్యూన్ రాసింది జెర్రీ లోర్డన్ అనే ఇంగ్లిష్ రచయిత. 1960లో 'ద షాడోస్' అనే బ్రిటిష్ బ్యాండ్ దాన్ని హిట్ చేసింది. 1973లో 'ఇంక్రెడిబుల్ బాంగో బ్యాండ్' పేరుతో కొందరు స్టూడియో వాద్యకారులు దానికి కవర్ వెర్షన్ చేస్తూ మధ్యలో పొడవాటి డ్రమ్స్ ముక్క కలిపారు. బ్రాంక్స్ ఆ ముక్కను ఎత్తుకుంది. 2002లో నాస్ 'మేడ్ యూ లుక్' చేసినప్పుడూ కింద మోగింది ఆ డ్రమ్సే. బ్రిటన్ ట్యూన్‌కు కవర్, ఆ కవర్లోంచి శాంపిల్. ఇందులో అసలుది ఏదంటే ఏం చెప్తాం?

ఇంకో సంగతి. హెర్క్ తన రికార్డుల మీది లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు. పోటీ డీజేలు తొంగిచూసినా పాట పేరు తెలియకూడదని. ఆ ఉపాయం నేర్పింది వాళ్ల నాన్నేనట.

"చూశావా, మొదటి రోజు నుంచే దాపరికం!" అన్నాడు మావాడు, పాయింట్ దొరికిన ఉత్సాహంతో.

హెర్క్ దాచింది పక్క వీధి డీజేల నుంచి. హాల్లో పాట వేసి టికెట్ డబ్బులు తీసుకున్నాడు తప్ప, దాన్ని తన పేరుతో రికార్డు చేసి అమ్మలేదు. కానీ మావాడి మాటలో ఒక ముల్లు ఉంది. లేబుల్ కడిగేసిన ఆ అలవాటు తర్వాత బజారుకెక్కింది. అప్పుడు పోయినవి పాటల పేర్లు కావు, మనుషుల పేర్లు.

పాటలో పేరుంది, లేబుల్ మీద లేదు

సెడ్జ్‌విక్ నుంచి పడమటికి వెళ్లి జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి దాటితే న్యూజెర్సీ. అక్కణ్నుంచి కొద్ది మైళ్లలో ఇంగిల్‌వుడ్. 1979లో ఆ ఊళ్లో సిల్వియా రాబిన్సన్ 'షుగర్‌హిల్ గ్యాంగ్' అని ముగ్గురిని జట్టుకట్టి 'ర్యాపర్స్ డిలైట్' చేయించారు. అమెరికా అంతా వినిపించిన తొలి ర్యాప్ హిట్ అది.

దాని కింద మోగే బేస్ గిటార్ 'షిక్' బ్యాండ్ వాళ్ల 'గుడ్ టైమ్స్'ది. రికార్డులోంచి కట్ చేయలేదు. స్టూడియోలో వాద్యకారులను కూర్చోబెట్టి మళ్లీ వాయించారు. దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. షిక్ సభ్యులు నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకెళ్తామనేసరికి, రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి. డబ్బూ వచ్చింది.

ఆ అదృష్టం ఇంకొకరికి లేకపోయింది. ఆ ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ ఇంగిల్‌వుడ్ పిజ్జా షాపులో పనిచేసేవాడు. బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్‌కు మేనేజర్‌గా కూడా ఉండేవాడు. పాటలో హ్యాంక్ వాడింది కాజ్ నోట్‌బుక్కులోని చరణాలు. కాజ్ అప్పటి స్టేజీ పేరును అక్షరం అక్షరం పలికే ముక్క కూడా యథాతథంగా రికార్డులోకి వెళ్లిపోయింది. అంటే రాసినవాడి పేరు పాటలో మోగుతూనే ఉంది, లేబుల్ మీద మాత్రం లేదు!

ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. పాట ఒకటే, ఎత్తుకోవడమూ ఒకటే. లాయర్ ఉన్నవాళ్లకు వాటా వచ్చింది. నోట్‌బుక్ మాత్రమే ఉన్నవాడికి ఏమీ రాలేదు.

పాప్ వాళ్లు ఎదురొచ్చిన వీధి

తిరిగి 4 నంబర్ ఎక్కి యూనియన్ స్క్వేర్‌లో దిగి, దక్షిణానికి బవరీ వీధి దాకా నడిచాం. 315 బవరీలో ఒకప్పుడు 'సీబీజీబీ' అనే క్లబ్ ఉండేది. బ్లాండీ, టాకింగ్ హెడ్స్ లాంటి రాక్ బ్యాండ్లు తయారైంది అక్కడే. 2006లో క్లబ్ మూతపడింది. తర్వాత ఆ చోట ఖరీదైన బట్టల షాపు వచ్చింది.

తెల్లవాళ్ల రాక్, నల్లవాళ్ల హిప్‌హాప్ రెండూ ఒకే ఊళ్లో, ఒకే సబ్‌వే లైన్‌కు చెరో చివర పుట్టాయి. కలవడానికి కొన్నేళ్లు పట్టింది. 1981లో బ్లాండీ గాయని డెబ్బీ హ్యారీ 'ర్యాప్చర్' పాటలో ర్యాప్ చేసింది. అమెరికా బిల్‌బోర్డ్ మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఉన్న పాట ఒక తెల్ల పాప్ బ్యాండ్‌ది కావడం చాలామందిని నొప్పించింది కూడా. కానీ ఆమె ఒక పని చేసింది. ఈ విద్య ఎవరి దగ్గర చూసిందో వాళ్లను, ఫ్యాబ్ 5 ఫ్రెడ్డీని, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌ని, పాటలోనే పేరుపెట్టి తలుచుకుంది. 1997లో బ్రాంక్స్ ర్యాపర్ కేఆర్‌ఎస్-వన్ తిరిగి 'ర్యాప్చర్' బాణీనే తన పాటలో వాడుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదీ.

అదే 1981లో టాకింగ్ హెడ్స్ దంపతులు టీనా వేమౌత్, క్రిస్ ఫ్రాంట్జ్ 'టామ్ టామ్ క్లబ్' పేరుతో 'జీనియస్ ఆఫ్ లవ్' చేశారు. అందులో జేమ్స్ బ్రౌన్ నుంచి ర్యాపర్ కర్టిస్ బ్లో దాకా తాము అభిమానించేవాళ్ల పేర్లు చదువుతారు. 1995లో మరయా కేరీ ఆ పాటనే శాంపిల్ చేసి 'ఫ్యాంటసీ' చేసింది. రీమిక్స్‌లో ఓల్ డర్టీ బాస్టర్డ్ ర్యాప్ పెట్టింది. ఇవాళ ప్రతి పాప్ పాటలో మధ్యలో వచ్చే ర్యాప్ ముక్కకు ఈ పాట ఒక పెద్ద దారి వేసింది.

ఇక కవర్ అంటే 'వాక్ దిస్ వే' చెప్పుకోవాలి. 1975 నాటి ఏరోస్మిత్ రాక్ పాట. 1986లో క్వీన్స్ కుర్రాళ్లు రన్-డీఎంసీ దాన్ని మళ్లీ చేస్తూ, అసలు పాట పాడిన స్టీవెన్ టైలర్‌ని, గిటార్ వాయించిన జో పెరీని స్టూడియోకే పిలిపించారు. ఒరిజినల్ అమెరికా చార్టుల్లో 10వ స్థానం దగ్గర ఆగితే, ఈ కవర్ 4వ స్థానానికి ఎక్కింది. అప్పటికి చల్లబడిపోయిన ఏరోస్మిత్‌కి మళ్లీ ఊపు వచ్చింది. వీడియోలో రెండు బ్యాండ్ల మధ్య గోడ పగలగొడతారు. చూడకపోతే ఇవాళే చూడండి.

కోర్టు మెట్ల దగ్గర

బవరీ నుంచి కిందికి నడుస్తూ పోతే చైనాటౌన్, అది దాటితే ఫోలీ స్క్వేర్. చుట్టూ పెద్ద పెద్ద స్తంభాల కోర్టు భవనాలు. మన్‌హట్టన్ ఫెడరల్ కోర్టులో 1991లో వచ్చిన ఒక తీర్పు హిప్‌హాప్ శబ్దాన్నే మార్చేసింది. ర్యాపర్ బిజ్ మార్కీ, గిల్బర్ట్ ఓ సల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడాడు. దొంగతనం చేయకూడదన్న బైబిల్ ఆజ్ఞతోనే జడ్జి తీర్పు మొదలుపెట్టారు. క్రిమినల్ చర్య కూడా పరిశీలించమన్నారు. రెండేళ్ల తర్వాత బిజ్ మార్కీ తన కొత్త ఆల్బమ్‌కు పెట్టిన పేరు 'ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!' అంటే అన్నిటికీ అనుమతి తీసుకున్నాను బాబూ అని.

అనుమతి తీసుకోమనడం న్యాయమే. కానీ ఆ తర్వాత శాంపిల్ ధరకు ఎక్కిపోయింది. పబ్లిక్ ఎనిమీ లాంటివాళ్లు ఒకే పాటలో పదుల కొద్దీ ముక్కలు పేర్చేవారు. అలా చేయడం ఇక డబ్బున్నవాళ్లకే సాధ్యం. వాద్యాలు కొనలేని పిల్లలు రికార్డులనే వాద్యంగా చేసుకుంటే, ఆ వాద్యానికి అద్దె పెట్టారన్నమాట.

పోనీ, ఆ అద్దె అసలు వాయించినవాడికి చేరిందా? అక్కడే నా గుండె చివుక్కుమంది. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పాటలో డ్రమ్స్ వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆయన బీట్ పబ్లిక్ ఎనిమీ నుంచి ఐరిష్ గాయని షనేడ్ ఓ కానర్ దాకా ఎందరి పాటల్లోనో మోగింది. పాట హక్కుల్లో మాత్రం డ్రమ్మర్‌కు చోటు లేదు. ఆ శాంపిళ్ల మీద రాయల్టీ రాకుండానే 2017లో ఆయన పోయారు. 'ద విన్‌స్టన్స్' బ్యాండ్ 1969లో చేసిన 'ఆమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన దాదాపు 7 సెకన్ల బ్రేక్ మీద బ్రిటన్‌లో ఏకంగా కొత్త సంగీతాలే పుట్టాయి. కోల్‌మన్ 2006లో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. ఆ బ్యాండ్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు వేసుకుని 24 వేల పౌండ్లు పంపారు. చట్టం ఇవ్వనిది విన్నవాళ్లు ఇచ్చారు.

మనవాళ్లకూ ఇలాంటి అనుభవం ఉంది. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్' అమెరికాలో పెద్ద హిట్. పాట పొడుగునా కింద నడిచేది లతా మంగేష్కర్ గొంతు. 1981 నాటి హిందీ సినిమా 'జ్యోతి' పాట అది. సంగీతం బప్పీ లహిరి. మనకు 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' ఇచ్చిన ఆయనే. తన పేరు లేకుండా సీడీలు అమ్మకూడదని 2003లో ఆయన కోర్టు ఉత్తర్వు సాధించారు. కానీ ఆ పాట కాపీరైట్ బప్పీ లహిరి చేతిలో లేదని తర్వాత తేలి, కేసు నిలవలేదు. ఇందులో తమాషా ఏమిటంటే, 'డిస్కో డ్యాన్సర్'లో ఆయన చేసిన ఒక పాట బ్రిటిష్ బ్యాండ్ బగుల్స్ హిట్‌ను గుర్తుచేస్తుందని అందరికీ తెలుసు. అదే సినిమాలోని ఇంకో పాటను 2007లో లండన్ గాయని ఎం.ఐ.ఏ. కవర్ చేసింది. ఆ ఆల్బమ్‌లోనే మొదటి పాటలో ఇళయరాజా గారి 'దళపతి' డప్పులు మోగుతాయి. పాటలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. తిరిగేటప్పుడు పేర్లు జారిపోకుండా చూసుకోవడమే మన పని.

మా బాబాయి కొడుకు వరంగల్‌లో ల్యాప్‌టాప్ మీద బీట్లు చేస్తాడు. "అన్నా, పాత సినిమా పాట ముక్క ఆరు సెకన్లే వాడితే ఏం కాదంట కదా?" అని వాట్సాప్‌లో అడిగాడు. ఫోలీ స్క్వేర్‌లో బెంచీ మీద కూర్చునే జవాబు పెట్టాను. ఇన్ని సెకన్లు ఫ్రీ అన్న రూల్ ఎక్కడా లేదు తమ్ముడూ. కవర్ అంటే పాటను మళ్లీ పాడటం, దానికి పాట హక్కుదారులకు డబ్బు కట్టాలి. మన చట్టంలో అయితే పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి కూడా. శాంపిల్ అంటే రికార్డులోని శబ్దాన్నే తీసుకోవడం. దానికి పాట హక్కున్నవాళ్లు, రికార్డింగ్ హక్కున్నవాళ్లు, ఇద్దరూ ఒప్పుకోవాలి. అంత లేదంటే నువ్వే కొత్తగా వాయించు.

కాఫీ హోటల్లో ఒక మంచి ముగింపు

చివరి మజిలీకి 1 నంబర్ రైలెక్కి పైకి వచ్చాం. బ్రాడ్‌వే, 112వ వీధి మూల. 'టామ్స్ రెస్టారెంట్'. 'సైన్‌ఫెల్డ్' సీరియల్లో కనిపించే హోటల్ బయటి బోర్డు ఇదే కాబట్టి ఫొటోల రద్దీ ఉంటుంది. సంగీతం వాళ్లకు మాత్రం ఇది 'టామ్స్ డైనర్'. ఇక్కడ కూర్చుని చూసిన దృశ్యాలను సుజాన్ వేగా పాటగా రాసింది. 1987 ఆల్బమ్‌లో వాద్యాలేవీ లేకుండా ఒట్టి గొంతుతో పాడింది.

1990లో 'డీఎన్‌ఏ' పేరుతో ఇద్దరు ఇంగ్లిష్ కుర్రాళ్లు ఆ ఒట్టి గొంతు కింద సోల్ టు సోల్ బ్యాండ్ బీట్ పెట్టి, అడక్కుండానే రికార్డు వేసి క్లబ్బులకు పంచారు. వేగా కంపెనీ కేసు వేయొచ్చు. వేయలేదు. ఆ రీమిక్స్‌ని కొనేసి, లేబుల్ మీద డీఎన్‌ఏ, సుజాన్ వేగా రెండు పేర్లూ వేసి విడుదల చేసింది. బ్రిటన్‌లో 2వ స్థానం, అమెరికాలో 5వ స్థానం. తర్వాత జనం చేసిన రకరకాల వెర్షన్లన్నీ ఏరి 1991లో 'టామ్స్ ఆల్బమ్' అని ఏకంగా ఒక ఆల్బమే తెచ్చారు.

కోడ్ రాసేవాళ్లం కాబట్టి మాకు ఈ పాట మీద ఇంకో ప్రేమ. ఎంపీ3 తయారుచేసిన జర్మన్ ఇంజినీర్ కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ తన అల్గారిథమ్‌ను పదేపదే పరీక్షించింది ఈ పాట మీదే. ఒట్టి గొంతును కుదిస్తే మొదట్లో భరించలేనట్టు వచ్చేదట. ఆ గొంతు బాగా వినిపించేదాకా సరిచేస్తూ పోయాడు. అందుకే వేగాను 'ఎంపీ3 తల్లి' అని సరదాగా పిలుస్తారు. ఫోన్లో పాట వినే అలవాటు మనకు అంటించిన టెక్నాలజీలో ఈ హోటల్ వాటా కూడా ఉంది!

కాఫీ తాగుతూ మావాడు కాస్త మెత్తబడ్డాడు. "అయితే వాడుకోవడం తప్పు కాదంటావ్. పేరు మింగేయడం తప్పు."

పేరొక్కటే చాలదు, వాటా కూడా కావాలి. గ్రాండ్‌మాస్టర్ కాజ్ పేరు ఆ పాటలో ఉండనే ఉంది, ఏం లాభం? కానీ పేరే లేకపోతే వాటా అడగడానికి కూడా ఆధారం ఉండదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ కూల్ హెర్క్‌ను గుర్తించింది 2023లో, ఆ పార్టీకి 50 ఏళ్లు నిండాక.

మన దగ్గర బోనాలకూ, వినాయక నిమజ్జనానికీ మోగే డీజే పాటలు గుర్తుచేసుకోండి. యూట్యూబ్ టైటిల్లో డీజే పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పల్లెలో ఆ పాట పాడినామె పేరు చాలాసార్లు ఎక్కడా కనిపించదు. అదీ లేబుల్ కడిగేసిన రికార్డే. తేడా అల్లా, నీళ్లలో నానబెట్టే శ్రమ కూడా ఇప్పుడు అక్కర్లేదు, డిస్క్రిప్షన్ ఖాళీగా వదిలేస్తే చాలు.

మీరు పాటలు వినే యాప్‌లో క్రెడిట్స్ అని ఒక ఆప్షన్ ఉందేమో ఈసారి వెతకండి. నచ్చిన పాటకు అది ఒకసారి తెరిచి చదవండి. మీ తమ్ముడో, చెల్లో రీమిక్స్ చేసి అప్‌లోడ్ చేస్తుంటే, అసలు పాడిన మనిషి పేరు ముందు టైప్ చేయించండి. అదయ్యాకే బీట్.